నల్గొండ, పాలమూరు గడ్డపై తొలి మనుషులు, తర్వాత వచ్చినవాళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రెండు పాత జిల్లాల చరిత్ర మీద నాకు పిచ్చి ఉందని చుట్టాలకు ఎప్పుడో తెలిసిపోయింది. పెళ్లికి పోయినా, దినాలకు పోయినా ఎవరో ఒకరు పక్కన కూర్చుని అడుగుతారు. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు ఫోన్ చేసి అడుగుతారు. తిరిగి తిరిగి అవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇక్కడ చెప్పేది ఏయే జిల్లాల గురించి?

2016 అక్టోబరుకు ముందున్న ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల గురించి. ఇప్పటి లెక్కలో నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, 2019లో విడిగా ఏర్పడిన నారాయణపేట. కొన్ని మండలాలు రంగారెడ్డిలో కలిశాయి. పాత రాజులకు ఈ హద్దులేవీ తెలియవు కాబట్టి, కథ అవసరాన్ని బట్టి కృష్ణ దాటి అవతలి ఒడ్డుకూ పోతుంది.

అసలు ఇక్కడ అందరికంటే ముందున్నది ఎవరు?

అందరూ మొదట అడిగేది ఇదే. చాలాసార్లు అడిగేవాళ్ల మనసులో ఉన్న ప్రశ్న వేరు: "మా వాళ్లా, వాళ్లా?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరైనా ఉందంటే నేను నమ్మను.

కృష్ణా లోయలో పాత రాతియుగం నాటి పనిముట్లు దొరికాయి. నాగార్జునకొండ లోయలో తవ్వినప్పుడు పాత రాతియుగం నుంచి కొత్త రాతియుగం దాకా, ఆ తర్వాత ఇనుము వాడిన కాలం దాకా మనుషులు మసలిన ఆనవాళ్లు బయటపడ్డాయి. ఆ గొడ్డలి చెక్కినవాడు ఏ భాష మాట్లాడాడో, తన గుంపును ఏమని పిలుచుకున్నాడో రాయి చెప్పదు. ఇప్పటి కులం పేరో, తెగ పేరో తీసుకుపోయి ఆ రాయికి అంటించడం ఆ మనిషికే అన్యాయం.

పనిముట్లు కాకుండా, మనుషులు ఎట్లా బతికారో చెప్పే తొలి ఆనవాలు ఏది?

నన్నడిగితే ఊట్నూరు బూడిద దిబ్బ. ఆదిలాబాద్ వైపు ఉట్నూరు ఒకటి ఉంది, అది కాదు. ఇది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోది, గద్వాల వైపు. పరీక్షల్లో ఈ రెండూ కలిపేసి మార్కులు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

1950ల చివర్లో ఆల్చిన్ అనే ఇంగ్లండ్ పురావస్తు పరిశోధకుడు ఇక్కడ తవ్వాడు. ఈ దిబ్బలు ఏమిటన్న దాని మీద అంతకు ముందు వందేళ్లుగా వాదన నడుస్తోంది. అగ్నిపర్వతం బూడిద అన్నారు, ఇనుము కరిగించిన చోటన్నారు, శవాలను కాల్చిన చోటన్నారు. రాక్షసులను కాల్చిన బూడిద అని జనం చెప్పుకునే కథ దక్కనులో చాలాచోట్ల వినిపిస్తుంది. ఆల్చిన్‌కు పొరల కింద దొరికింది పశువుల దొడ్డి. మొద్దులు పాతి గట్టి కంచె కట్టారు. లోపల మందను తోలి పెట్టారు. ఏళ్ల తరబడి పేడ పేరుకుంది. అప్పుడప్పుడు దానికి నిప్పంటించారు. మళ్లీ అక్కడే కంచె కట్టారు, మళ్లీ కాల్చారు. కొన్నిచోట్ల మంట వేడికి బూడిద కరిగి చిట్టెంలా గట్టిపడింది.

తవ్వకంలో బూడిద మీద పశువుల గిట్టల అచ్చులు దొరికాయి. నాలుగున్నర వేల ఏళ్ల కిందట ఒక పూట మంద తొక్కి పోయిన అచ్చు! రాజుల శాసనాలు ఎన్ని చదివినా నాకు ఇంత దగ్గరగా అనిపించలేదు.

అయితే ఇప్పటి గొల్ల, కురుమలు వాళ్ల సంతానమేనా?

పని అదే, నేల అదే, మందను మలిపే పద్ధతిలో పోలికలు చాలా ఉన్నాయి. పండగ పూట పశువులను మంట మీదుగా దాటించే ఆచారాన్ని ఆల్చిన్ కూడా ఈ కాలిన దొడ్లతో పోల్చి చూశాడు. అంతమాత్రాన రక్త సంబంధం రుజువైనట్టు కాదు. ఐదు వేల ఏళ్లలో ఎన్ని గుంపులు కలిశాయో, ఎన్ని విడిపోయాయో. పశువుల పెంపకం అనే బతుకు మాత్రం ఈ మెట్టనేల మీద ఆగకుండా సాగింది, అది ధైర్యంగా చెప్పొచ్చు. చూడండి, కరువొస్తే ఇప్పటికీ ఇక్కడి మందలు గడ్డి వెతుక్కుంటూ కృష్ణ దాటి పోతాయి.

ముడుమాల్ నిలువురాళ్లు ఎవరు పాతారు? నక్షత్రాల లెక్క నిజమేనా?

నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో, నది ఒడ్డున ఉంది ముడుమాల్. పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తున్న నిలువురాళ్లు దాదాపు ఎనభై. వాటి చుట్టూ చిన్న రాళ్ల వరసలు, గుండ్రంగా పేర్చిన సమాధులు. దాదాపు 3,500 ఏళ్ల కిందటివని అంచనా. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆచార్యుడు కె.పి. రావు ఏళ్ల తరబడి వీటిని కొలిచి, గీసి, సూర్యుడి నడకతో పోల్చి చూశారు. ఒక రాతి మీద తొలిచిన చిన్న చిన్న గుంటలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయి. ఉత్తరాయణం, దక్షిణాయనం మొదలయ్యే రోజుల్లో సూర్యుడు వచ్చే, పోయే దిక్కుకు కొన్ని వరసలు సరిగ్గా కుదురుతాయి.

వానల మీద, మంద మీద బతికేవాళ్లకు ఆకాశం చదవడం రాకపోతే పూట గడవదు. కాబట్టి వాళ్లకు ఇంత తెలుసా అని ఆశ్చర్యపోవడం మన అజ్ఞానమే. ఎనభై రాళ్లను అక్కడికి చేర్చి పాతడానికి ఎందరు చేతులు కలిపారో, వాళ్లందరికీ బువ్వ ఎవరు పెట్టారో అన్నది నాకు అంతకన్నా పెద్ద ప్రశ్న. ఊరివాళ్లు వీటిని నిలురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతారు. శాపం తగిలి మనుషులే రాళ్లయ్యారని కథ. ఇన్ని ఏళ్లు ఈ రాళ్లు బతికి బట్టకట్టాయంటే ఆ మొక్కు, ఆ భయం కూడా కారణమే.

మా ఊరి గుట్ట కింద "రాక్షస గుళ్లు" ఉన్నాయి. నిజంగా రాక్షసులవా?

మనలాంటి మనుషులవే. పెద్ద బండలను పెట్టెలా నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పి, చుట్టూ రాళ్లు గుండ్రంగా పేర్చిన సమాధులు అవి. ఇనుము వాడకం మొదలైన కాలం నాటివి. లోపల ఎముకలతో పాటు నలుపు-ఎరుపు కుండలు, ఇనుప కత్తులు, బాణపు ములుకులు, పూసలు దొరుకుతాయి. ఇంత బండ మామూలు మనిషి ఎత్తలేడు కాబట్టి రాక్షసుడే ఎత్తి ఉంటాడని మన ముత్తాతలు అనుకున్నారు. కొన్నిచోట్ల పాండవ గుళ్లు అంటారు. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగే ఊళ్లలో హడావిడిగా తవ్వినప్పుడు చాగటూరు, పెదమారూరు లాంటి చోట్ల ఆ కాలపు ఆనవాళ్లు చాలా బయటపడ్డాయి.

చెంచులు ఇక్కడి ఆదివాసులేనా? వాళ్ల భాష ఏది?

నల్లమల అడవికి వాళ్లకంటే పాతవాళ్లుగా ఇంకెవరినీ ఎవరూ చెప్పలేదు. అమ్రాబాద్, అచ్చంపేట, మన్ననూరు వైపు అడవిలో వాళ్ల ఆవాసాన్ని "పెంట" అంటారు. మనం పేడకుప్పకు వాడే మాటను ఊరి పేరుకు వాడతారేమిటని నవ్వేవాళ్లను చూశాను. అప్పాపూర్ పెంటకు పోయి, నాలుగు గుడిసెలు ఒకదానికొకటి ఎంత దూరం ఉంచి కట్టుకున్నారో చూస్తే నవ్వు రాదు. వాళ్లు మాట్లాడేది తెలుగే, యాస వేరు. చిగుర్ల, నిమ్మల, ఉడుతల... ఇంటిపేర్లు వింటేనే అడవి కనిపిస్తుంది.

దున్నకుండా, దాచుకోకుండా, గడ్డలు తవ్వుకుని, తేనె తీసి, వేటాడి బతికిన జాతి ఇది. హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త 1940లో వీళ్ల మధ్య ఉండి పరిశోధన చేశాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలవడంతో ఆయన శత్రుదేశపు పౌరుడయ్యాడు, హైదరాబాద్ సంస్థానం దాటి పోకూడదని ఆంక్ష పెట్టారు. ఆ ఆంక్షే మనకు చెంచుల మీద మొదటి పెద్ద పుస్తకాన్ని ఇచ్చింది. అది 1943లో అచ్చయింది.

చెంచులు ఎవరికీ దూరంగా, ఒంటరిగా బతికారని అనుకోవద్దు. శ్రీశైలం మల్లన్న వాళ్లకు చెంచు మల్లయ్య, అల్లుడు వరస. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడు. పెద్ద దేవుళ్లు అడవిలోకి వచ్చి స్థిరపడాలంటే ముందు చెంచులతో చుట్టరికం కలుపుకోవాల్సి వచ్చిందన్నమాట. నాకు ఈ కథల్లో కనిపించేది, ఎవరు ముందున్నారో, ఎవరు తర్వాత వచ్చారో. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు ఇప్పుడు వేలమంది దిగుతారు, అక్కడ పూజ చేసేది మాత్రం చెంచులే. అదే అడవి ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. పులి పేరు మీద మనిషిని బయటికి పొమ్మనే మాట మళ్లీ మళ్లీ వస్తోంది.

శాతవాహనుల కాలంలో ఇక్కడ ఊళ్లుండేవా, అంతా అడవేనా?

ఊళ్లే. సూర్యాపేట జిల్లాలో వర్ధమానుకోట, గాజులబండ, తిరుమలగిరి, ఫణిగిరి ఒకదానికొకటి అందేంత దూరంలో ఉన్న పాత బౌద్ధ స్థలాలు. పడమటి దక్కన్ నుంచి కృష్ణా తీరానికి సరుకు పోయే దారి ఇటే. నకిరేకల్ దగ్గర అక్కనపల్లిలో రోమన్ల వెండి నాణేల కుప్ప దొరికిందంటే ఎంత దూరపు సరుకు ఇక్కడ చేతులు మారిందో చూడండి.

ఫణిగిరిని తీరిగ్గా చూడాలి. పాము పడగలా ఉండే గుట్ట, దాని మీద మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదులు. క్రీస్తుకు ముందు ఒకటో శతాబ్దం నుంచి నాలుగైదు వందల ఏళ్లు నడిచింది. బుద్ధుడి జీవిత కథ రెండు వైపులా చెక్కిన తోరణం ఇక్కడ దొరికింది. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన ప్రదర్శనకు ఫణిగిరి శిల్పాలు పోయాయి. మన దగ్గర మాత్రం జనగామ దారిలో బస్సులో పోతూ ఆ గుట్టను చూసి కూడా పేరు తెలియనివాళ్లే ఎక్కువ. 2024లో అక్కడే ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి, ఇక్ష్వాకుల కాలానివి.

ఇక్ష్వాకులు అంటే రాముడి వంశమా?

పేరు అదే, అట్లా చెప్పుకున్నారు. చరిత్రలో కనిపించేది మూడో శతాబ్దంలో శాతవాహనులు పడిపోయాక విజయపురి నుంచి, అంటే నాగార్జునకొండ నుంచి, ఏలిన వంశం. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. చివరి రాజు శాసనం మన ఫణిగిరిలో దొరకడంతో వాళ్ల ఏలుబడి ఇంత లోపలికి వచ్చిందని తేలింది.

రాజులు యజ్ఞాలు చేశారు, ఇంటి ఆడవాళ్లు బౌద్ధానికి దానాలిచ్చారు. మహాచైత్యం కట్టించింది రాజు చెల్లెలు శాంతిశ్రీ. వీరపురుషదత్తుడి రాణుల్లో ఒకరు ఉజ్జయిని రాజు కూతురు రుద్రధర భట్టారిక. సింహళం నుంచి వచ్చిన భిక్షువులకు అక్కడ విడిగా విహారమే ఉంది. అంటే పదిహేడు వందల ఏళ్ల కిందటే కృష్ణ ఒడ్డున మాళవ కోడలు, సింహళ సన్యాసి, ఇక్కడి రైతు ఒకే ఊరి వీధిలో ఎదురుపడేవాళ్లు.

ఏలేశ్వరం అనే ఊరు ఏమైంది?

నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. నల్గొండ వైపు ఒడ్డున ఉన్న ఆ పాత ఊళ్లో రాతి సమాధుల కాలం నుంచి ఇక్ష్వాకుల దాకా వరసగా జనం ఉన్నారు. 1955 డిసెంబరు 10న డ్యామ్‌కు పునాది రాయి పడింది. ఆ తర్వాత మునగబోయే చోట్లలో తవ్వకాలు పరుగుల మీద జరిగాయి. నాగార్జునకొండవి కొన్ని కట్టడాలను కొండ మీదికి ఎక్కించారు, అదే ఇప్పుడు దీవి. ఏలేశ్వరానికి ఆ అదృష్టం పట్టలేదు. సాగర్ నీళ్లతో మా చుట్టాల పొలాలే పండాయి కాబట్టి డ్యామ్‌ను తిట్టలేను. ఆ ఊరి పేరు విన్నప్పుడల్లా మనసు మాత్రం కలుక్కుమంటుంది.

విష్ణుకుండినుల రాజధాని నల్గొండలో ఉందంటారు, నిజమా?

రామన్నపేట దగ్గర తుమ్మలగూడెం ఊరే ఒకప్పటి ఇంద్రపాలనగరం. అక్కడ విష్ణుకుండినులనే పాత రాజవంశం రాగిరేకులు, అంటే రేకుల మీద చెక్కిన శాసనాలు, దొరికాయి. గోవిందవర్మవి ఒక జత, విక్రమేంద్ర భట్టారకుడివి ఒక జత. రెండో జత మీద శక సంవత్సరం 488, అంటే క్రీ.శ. 566, అని స్పష్టంగా ఉండటం వల్ల ఆ వంశం కాలం లెక్క కుదిరింది. గోవిందవర్మ రాణి పేరు మీద అక్కడ బౌద్ధ విహారం ఉండేది. రాజధానుల్లో అదొకటి అనేవాళ్లే ఎక్కువ. ఊరు చూడటానికి పోతే పాత కోట ఆనవాళ్లు, గుట్ట, తుమ్మచెట్లు.

జైనులు కూడా ఇక్కడ ఉన్నారా?

బాగానే ఉన్నారు. కొలనుపాక జైన మందిరం అందరికీ తెలుసు, గుజరాత్, రాజస్థాన్ నుంచి ఇప్పటికీ యాత్రికులు వస్తారు. అంత పేరు లేనిది జడ్చర్ల దగ్గర అల్వాన్‌పల్లి గొల్లత్తగుడి. ఇటుకలతో కట్టిన జైన గుడి, ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటిది. రాయి ఇంత దొరికే చోట ఇటుకతో ఎందుకు కట్టారో అని పోయిన ప్రతిసారీ అనుకుంటాను. నాగర్‌కర్నూల్ దగ్గరి నంది వడ్డెమాన్ పాత పేరు వర్ధమానపురం. వర్ధమానుడంటే మహావీరుడే. తర్వాత వీరశైవం పుంజుకున్నాక జైనులు తగ్గిపోయారు. అదే కొలనుపాక వీరశైవులకూ పెద్ద క్షేత్రమైంది.

ఆలంపూర్ గుళ్లు కట్టింది కన్నడ రాజులా?

బాదామి చాళుక్యులు. ఏడు, ఎనిమిది శతాబ్దాలు. బాదామి ఇప్పుడు కర్ణాటకలో ఉంది, నిజమే. అప్పటి రాజుకు తుంగభద్ర దాటితే పరాయి దేశమన్న ఆలోచన లేదు. నవబ్రహ్మ ఆలయాలని పేరు కానీ అన్నిట్లోనూ ఉండేది శివుడే. శ్రీశైలం జలాశయంలో మునిగే కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఆలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. మక్తల్, నారాయణపేట వైపు ఇప్పటికీ ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. గుడి కట్టినవాడి భాష గురించి వాళ్లెప్పుడూ కొట్లాడుకోవడం నేను వినలేదు.

పానగల్ ఏలిన కందూరు చోళులు తమిళులా?

కాదు, తెలుగు చోడులు. కరికాల చోళుడి వంశమని చెప్పుకున్నారు, అప్పట్లో తెలుగునాట చోడ అని పేరున్న ప్రతి వంశమూ అదే చెప్పుకుంది. పెద్ద వంశవృక్షం ఉంటే పరపతి, ఇప్పుడూ అంతే కదా. తెలుగు చోడుల్లో రేనాటివాళ్లు ఆరో శతాబ్దంలోనే తెలుగులో శాసనాలు వేయించారు. కందూరువాళ్లు ఆ తర్వాతి కాలంవాళ్లు. మహబూబ్‌నగర్ జిల్లాలోని కందూరు వాళ్ల పేరుకు మూలం, కల్యాణి చాళుక్యుల కింద సామంతులు, నల్గొండ పక్కన పానగల్ వాళ్ల పట్టణం.

కాకతీయ రుద్రదేవుడు వీళ్లను కొట్టాడు. 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంలో చోడోదయుడు రుద్రుడి భయానికే చనిపోయాడని రాశారు. గెలిచినవాడు రాయించిన శాసనం, కాస్త ఉప్పు తగ్గించి చదువుకోవాలి. భయంతో చనిపోయాడన్న ఆ ఉదయ చోడుడి పేరు మీద ఉన్న ఉదయసముద్రం చెరువు ఇప్పటికీ నీళ్లిస్తోంది. పక్కనే ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో పొద్దంతా కదలకుండా పడే స్తంభం నీడ కోసం జనం పోతారు. ఒక్క స్తంభం నీడ కాదది, వెలుతురు వచ్చే తీరును, స్తంభాల దూరాన్ని లెక్క కట్టి కుదిర్చిన నీడ. నన్నడిగితే నీడ కంటే చెరువు గొప్పది.

రేచర్ల రెడ్లు, రేచర్ల వెలమలు ఒకటేనా?

రెండు వేర్వేరు కుటుంబాలు. రేచర్ల రెడ్లు కాకతీయుల సామంతులు. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయం, 1208లో బేతిరెడ్డి భార్య ఎరకసాని పేరు మీద వెలసిన ఎరకేశ్వరాలయం వీళ్లవి. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడిదీ ఈ వంశమే. రేచర్ల పద్మనాయకులు, అంటే వెలమలు, కాకతీయులు పడిపోయాక పద్నాలుగో శతాబ్దంలో పైకొచ్చి రాచకొండ, దేవరకొండ కోటల నుంచి ఏలారు. సర్వజ్ఞ సింగభూపాలుడు వీళ్లలోనివాడు.

ఇంకో తికమక కూడా ఇక్కడే తీరుస్తాను. పిల్లలమర్రి అంటే మహబూబ్‌నగర్ మర్రిచెట్టు అనుకుని సూర్యాపేట పోయినవాళ్లున్నారు, గుళ్లనుకుని మహబూబ్‌నగర్ పోయినవాళ్లూ ఉన్నారు. మధ్యలో వంద కిలోమీటర్లకు పైనే.

ఆడవాళ్ల పేర్లు ఎక్కడా కనిపించవేం?

వెతికితే కనిపిస్తాయి. పైన శాంతిశ్రీ, ఎరకసాని వచ్చారు. పాలమూరు వాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సిన పేరు కుప్పాంబిక. గోన బుద్ధారెడ్డి కూతురు, మల్యాల గుండనాథుడి భార్య. భర్త పోయాక 1276లో బూదపురంలో, అంటే ఇప్పటి భూత్పూర్‌లో, శాసనం వేయించింది. తొలి తెలుగు కవయిత్రి అని చాలామంది ఆమెనే అంటారు.

లంబాడీలు ఎప్పుడు, ఎందుకు వచ్చారు?

సరుకు మోయడానికి వచ్చారు. వాళ్లను బంజారాలనీ సుగాలీలనీ కూడా అంటారు. వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. మొగల్ సైన్యాలు దక్కన్ మీద పడ్డప్పుడు వెనకాల తిండి గింజలు మోసింది వీళ్లే. "రంజన్ కా పానీ, ఛప్పర్ కా ఘాస్, దిన్ కే తీన్ ఖూన్ మాఫ్" అని రాగిరేకు మీద బంగారు అక్షరాలతో రాయించి ఇచ్చారని పెద్దవాళ్లు చెబుతారు. కుండలో నీళ్లు తాగొచ్చు, కప్పు మీది గడ్డి పశువులకు పీక్కోవచ్చు, రోజుకు మూడు హత్యలు మాఫీ. మూడు హత్యల మాట నిజమో కాదో గానీ, సైన్యానికి వాళ్లు ఎంత అవసరమో ఆ మాటతో తెలుస్తుంది.

1874లో నిజాం రైలు నడిచింది. సరుకు రైలెక్కింది, ఎద్దుల బిడారు ఆగింది. ఆగినచోటల్లా తండా వెలిసింది. ఊళ్లలో మంచి భూమి అప్పటికే పట్టాదార్ల చేతుల్లో ఉంది కాబట్టి వీళ్లకు దక్కింది గుట్టల అంచు, రాళ్ల చెలక. దేవరకొండ వైపు పోతే తండాలన్నీ అట్లాంటి చోటే ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. 2018లో చాలా తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి.

ముస్లింలు నిజాంతో వచ్చినవాళ్లేనా?

నిజాంకు చాలా ముందు నుంచే ఉన్నారు. బహమనీల కాలం నుంచి కోటల్లో, కుతుబ్‌షాహీల కాలంలో ఊళ్లలో. వచ్చినవాళ్లు కొందరు, ఇక్కడివాళ్లే మతం మారినవాళ్లు ఎందరో. దూదేకులవాళ్ల ఇంటి మాట తెలుగే. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కులు తీర్చుకునేవాళ్లలో హిందువులే ఎక్కువ కనిపిస్తారు. సైదులు, సైదమ్మ అని పేరున్న హిందువులు నల్గొండలో వీధికొకరు దొరుకుతారు.

పాలమూరు మహబూబ్‌నగర్ ఎప్పుడైంది?

1890లో, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద. నల్గొండ పాత పేరు నీలగిరి. పాలమూరుకు పాల నుంచి పేరొచ్చిందని, పాలచెట్ల నుంచి వచ్చిందని ఊరికో కథ. మీకు నచ్చింది చెప్పుకోండి.

మా వంశం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవచ్చా?

శాసనాల్లో మామూలు ఇళ్ల పేర్లు దొరకడం అరుదు. మీ కులానికి కథ చెప్పే కళాకారులను వెతకండి. కురుమలకు ఒగ్గువాళ్లు, గొల్లలకు మందెచ్చువాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, చిందువాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, గౌడులకు గౌడజెట్టివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. పటం విప్పి రాత్రంతా చెబుతారు. డక్కలివాళ్ల జాంబపురాణంలో భూమి పుట్టకముందే జాంబవంతుడు పుట్టాడు. అంటే "మేమే ముందు" అన్న మాటను అందరికంటే గట్టిగా చెప్పింది ఊరవతల ఉంచబడ్డవాళ్లే. తేదీల కోసం ఆ కథలు వినకండి, ఎవరు ఎవరి దగ్గర ఏం పోగొట్టుకున్నామని అనుకుంటున్నారో దాని కోసం వినండి. చెప్పేవాళ్లు ముసలివాళ్లయ్యారు, వాళ్ల పిల్లలు హైదరాబాద్‌లో ఆటో నడుపుతున్నారు. త్వరగా రికార్డు చేసుకోండి.

ఈ మధ్య వచ్చినవాళ్ల సంగతి?

సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు కోస్తా రైతులు వచ్చి భూములు కొన్నారు. తుంగభద్ర మీది ఆర్డీఎస్ (రాజోలిబండ డైవర్షన్ స్కీం) కాలువ కింద ఆలంపూర్ వైపు కూడా అంతే. వాళ్ల ఊళ్లను క్యాంపు అంటారు. అరవై ఏళ్లవుతున్నా ఆ పేరు పోలేదు. అదే కాలంలో, కూలీలను పోగుచేసి పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట పాలమూరు కూలీలు దేశంలోని డ్యామ్‌లన్నిటికీ మట్టి మోయడానికి పోయారు. ఒకే ప్రాజెక్టు ఒక జిల్లాకు కొత్త రైతులను తెచ్చింది, పక్క జిల్లా నుంచి కూలీలను పట్టుకుపోయింది.

ఇవన్నీ చూడాలంటే ఎక్కడికి పోవాలి?

ఒక్క రోజే ఉంటే నల్గొండ వైపు పానగల్ పోండి, గుడి, చెరువు, మ్యూజియం ఒక్కచోటే. రెండు రోజులుంటే ఆలంపూర్. ముడుమాల్‌కు ఎండాకాలం పోవద్దు, నీడ ఉండదు. ఫణిగిరికి పొద్దున్నే పోయి గుట్టెక్కండి. చెంచు పెంటలకు అటవీశాఖ అనుమతి లేకుండా పోకండి. అనుమతి ఉన్నా, వాళ్లడగనిదే ఫోటోలు తీయకండి.

పొలం దున్నుతుంటే పాత కుండ దొరికింది. ఏం చేయాలి?

ముందు నాగలి ఆపండి. కుండను కదిలించకుండా ఉన్నచోటే ఫోటో తీయండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, పది రూపాయలకు మించిన విలువైనది భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలి. తహసీల్దార్ ఆఫీసులో చెప్పినా కదులుతుంది. కేసులవుతాయేమోనని చాలామంది టెన్షన్ పడి కుండ పగలగొట్టి మళ్లీ పూడుస్తారు. దాచిపెడితేనే కేసు, చెబితే కాదు.

గుప్తనిధులున్నాయని ఎవరైనా రాత్రిపూట వచ్చి మీ పొలంలో రాతి సమాధి తవ్వుదామంటే పోలీసులకు ఫోన్ చేయండి. ఆ బండ కింద బంగారం ఉండదు. నాకు తెలిసిన ఒక ఊళ్లో అట్లా ఒక్క రాత్రిలో ఆరు సమాధులు పెకిలించారు. వాళ్లకు దొరికింది పగిలిన కుండ పెంకులు, తుప్పు పట్టిన ఒక కత్తి ముక్క. పెంకులు గట్టు మీద పారేసి పోయారు, నేను పోయేసరికి పిల్లలు వాటితో తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు.